నూరుపలకల ఆగుడు

ఒకటో రోజు, మంగళవారం

ఈ పుస్తకం డాక్టర్ ఓబులేసు గారిది. పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఇందులో రోజుకు మూడంటే మూడే వాక్యాలు రాస్తూ వచ్చారు. ఎవరొచ్చారు, ఏం చేశాం, ఎలా ఉన్నారు. ఈ రోజు నుంచి నేను రాస్తున్నాను. నా పేరు నూకరత్నం, ఈ ఆసుపత్రిలో స్కాన్ మిషన్ చూసేది నేనే. చూశారుగా, మూడు వాక్యాలు ఎప్పుడో దాటిపోయాయి, ఎవరొచ్చారో ఇంకా చెప్పనే లేదు. పొదుపుగా మాట్లాడటం నాకు రాదు.

వచ్చినవారు డాక్టర్ ఓబులేసు గారే. పది రోజులుగా కడుపులో నొప్పి వస్తుంటే "గ్యాస్ మ్మా" అని జీలకర్ర నీళ్ళు తాగుతూ తిరిగారు. ఇదే మాట ఇంకెవరైనా చెప్పి ఉంటే చెవి మెలిపెట్టి స్కాన్ బల్ల ఎక్కించేవారు. పొద్దున్న ఎస్తేరు సిస్టర్ ఆయన చేతికి మందు సీసా అందిస్తూ వేలు తగిలి ఉలిక్కిపడింది. జ్వరం నూట మూడు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఆయన బల్ల మీద ఆయన్నే పడుకోబెట్టాం.

కడుపు మీద స్కాన్ ప్రోబ్ ఆనించగానే తెర మీద కనబడింది. కుడివైపు, పొత్తికడుపులో, నల్లగా ఒక మడుగు. అందులో తెల్లటి నలకలు తేలుతున్నాయి. అపెండిక్స్ ఎప్పుడో పగిలింది, ఒళ్ళు దాని చుట్టూ గోడ కట్టేసింది, గోడ లోపల చీము చేరింది. పెద్ద బత్తాయి పండంత ఉంది.

"ఎంతుండాది?" అన్నారు ఆయన, తల తిప్పి తెర చూస్తూ.

"ఎనిమిది సెంటీమీటర్లు సార్."

"నాలుగు దాటితే వట్టి మందులకు లొంగదు. గొట్టం ఏయాల."

"ఎవరు వేస్తారు సార్?"

ఆయన నా వంక చూశారు. నేను పకపకా నవ్వాను. భయమేస్తే నాకు నవ్వొస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు కూడా నవ్వితే మా అత్తగారు ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

నీటి మీదున్న మా ఊరికి ఒడ్డు నుంచి ఓడ రావడానికి ఇంకా పన్నెండు రోజులుంది. రెండు తుపాన్లు వరసగా దారిలో ఉన్నాయి కాబట్టి ముందు రమ్మన్నా రాదు. పడవ మీద పంపుదామంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ కుదుపుకు మడుగు లోపలే పగిలితే రెండు రోజులకు మించి బతకనని ఆయనే చెప్పారు, ఇంకొకరి సంగతి చెబుతున్నట్టు. పగలకపోయినా మూడు నాలుగు రోజుల్లో ఆ విషం రక్తంలోకి ఎక్కుతుందట.

పదకొండేళ్ళలో డెబ్బై ఒక్క మందికి ఆయన సూది గుచ్చి చీమూ నీరూ తీశారు. డెబ్బై ఒక్కసార్లూ నేను తెర మీద దారి చూపించాను. ఏ సూది ఎటు నుంచి వెళ్ళాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సూది మాత్రం ఒక్కసారీ పట్టలేదు.

రెండో రోజు, బుధవారం

ఈ రోజు ఆగుడు జరిగింది. ఈ పుస్తకం రేపు ఒడ్డువాళ్ళెవరైనా చదివితే వాళ్ళకు అర్థం కావాలి కాబట్టి కాస్త చెబుతాను.

మా ఊరు పేరు నూరుపలకలు. నీటి మీద నూరు పలకలు, పలకకీ పలకకీ మధ్య ఇనప కీళ్ళు, చుట్టూ రాతిగోడ. గోడ దాటి అలలు లోపలికి రావు. అలలు రాకపోయినా పదకొండు వందల మందిమి ఉన్నాం. మేం నడిచినా, బళ్ళు తోసినా, బిందె దించినా ఊరు ఊగుతుంది. ఆ ఊగుడుకు కీళ్ళు ఆడతాయి, కీళ్ళు ఆడితే కరెంటు వస్తుంది, ఆ కరెంటుతో మా ఫ్యాన్లు తిరుగుతాయి. బద్ధకించి అందరూ పడుకున్న మధ్యాహ్నం ఫ్యాన్లు నెమ్మదిస్తాయి, అప్పుడు ఎవరో ఒకరు తిట్టుకుంటూ లేచి నాలుగు అడుగులు వేస్తారు.

ఓబులేసు గారు నీళ్ళే లేని ఊరి నుంచి వచ్చారు. వచ్చిన మొదటి వారం బకెట్టు వదల్లేదట. రెండో నెలలో ఒకావిడకు కాలేయంలో చీము పడితే, ఈ ఊగుడులో సూది నిలబడక ఆయన చేతులెత్తేశారు. అప్పటి ఊరిపెద్ద బూర ఊదించి ఊరంతటినీ ఆపేశాడు. అప్పటినుంచి అదే ఆచారం. బూర రెండుసార్లు మోగితే కీళ్ళవాళ్ళు మరలు బిగిస్తారు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు. చంకలో బిందె ఉంటే బిందెతో, నిచ్చెన మీద ఉంటే నిచ్చెన మీద. ఫ్యాన్లు ఆగిపోతాయి. మళ్ళీ బూర మోగేదాకా కనురెప్ప తప్ప ఏదీ కదలదు. ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: ఊరు ఆగనిదే సూది దిగదు. ఒడ్డు నుంచి ఎవరొచ్చినా అది చూపించి గొప్పలు పోతాం.

పొద్దున్న తొమ్మిదింటికి అన్నీ సిద్ధం. ముందు నుంచి వెళ్దామంటే పేగులు అడ్డం. పక్క నుంచి, తుంటి ఎముకకూ పెద్దపేగుకూ నడుమ, రెండు వేళ్ళ సందు దొరికింది. దాని వెనకాలే కాలికి వెళ్ళే లావుపాటి రక్తనాళం. ఎస్తేరు సిస్టర్ మందు రాసి శుభ్రం చేసింది. చర్మం మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చాను. ఎడమ చేతిలో ప్రోబ్, కుడి చేతిలో సూది. ఓబులేసు గారు కళ్ళు మూసుకుని "బూర ఊదమను" అన్నారు.

బూర మోగింది. ఊరు ఆగింది. ఫ్యాన్ ఆగింది. సూది ఒక్క సెంటీమీటరు దిగింది.

అప్పుడు తెర జారడం మొదలుపెట్టింది. ఎడమకు జారుతోంది, మళ్ళీ ఎడమకే జారుతోంది, కానీ ఎక్కడికీ పోవడంలేదు. సూది కొన కనబడింది, పోయింది. కళ్ళు చికిలించాను. గోడ కూడా జారుతోంది. సూది కొన కనబడకపోతే వెంట్రుకవాసి కూడా ముందుకు తొయ్యకూడదని ఆయన నాకు పదకొండేళ్ళుగా నూరిపోశారు. వెనక్కి లాగేశాను.

"ఏమైంది మ్మా?"

నిజం చెప్పాల్సింది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఊరు సరిగ్గా ఆగలేదు సార్. ఎవరో కదిలారు."

మూడో రోజు, గురువారం

జ్వరం నూట మూడున్నర. బీపీ కొంచెం దిగింది. చేతికి సెలైన్, మందులు ఎక్కుతూనే ఉన్నాయి. డాక్టరుగారు తెల్లవారుజాము నుంచి వాళ్ళ ఊళ్ళోని శనగచేల గురించి మాట్లాడుతున్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆయన శనగల ఊసే ఎత్తరు.

ఇక ఊళ్ళో జరుగుతున్న తమాషా రాయాలి. రాయడానికి సిగ్గుగా ఉంది, నవ్వూ వస్తోంది.

నేను వదిలిన ఒక్క మాటకు నూరుపలకలంతా అట్టుడికిపోయింది. కదిలింది ఎవరు? ఊరిపెద్ద తాయారు పిన్ని విచారణ పెట్టింది. మధ్యాహ్నానికి ఆసుపత్రి గుమ్మం ముందు నేరస్థులు బారులు తీరారు.

"నేనేనమ్మా రత్నం. ముక్కులో ఈగ దూరింది. తుమ్ము ఆపుకున్నాను గానీ భుజాలు అదిరాయి" అన్నాడు పడవలు బాగుచేసే కొండబాబు.

"ఆయన కాదండీ, మా బాతులు. గంపలో పెట్టడం మర్చిపోయాను. పాపం మూటగట్టుకున్నాను" అంది ఇంకొకావిడ కళ్ళొత్తుకుంటూ.

ఒక ముసలాయన నలభై నాలుగో పలక నుంచి కర్ర పోటేసుకుని వచ్చాడు. ఆగుడు సమయంలో గుండె గట్టిగా కొట్టుకుందని ఒప్పుకోవడానికి. ఇలా పదిహేడు మంది. ప్రతి ఒక్కరూ డాక్టరుగారిని తామే చంపేస్తున్నామని వణికిపోతున్నారు. నేను ఒక్కొక్కరి చేతులు పట్టుకుని "మీవల్ల కాదు, మీవల్ల కాదు" అంటున్నాను. వాళ్ళు నా మంచితనానికి ఇంకా ఏడుస్తున్నారు.

తాయారు పిన్ని తీర్మానం: రేపటి ఆగుడు ఇంతకుముందు ఎన్నడూ లేనంత గట్టిగా ఉండాలి. బాతులు గంపల్లో, నీటిపంపులు బంద్, పలకలన్నిటినీ రాతిగోడకు కట్టడానికి రెట్టింపు మోకులు. "సమాధిలో కూడా అంత నిలకడ ఉండదు, చూస్తూ ఉండవే" అంది నాతో గర్వంగా.

నేను లోపలికి వచ్చి పనిలో పడ్డాను. సొరకాయకు కన్నం చేసి లోపల గంజి పోసి, ప్రోబ్ పెట్టి, సూది గుచ్చుతూ కూర్చున్నాను. బయట బజారు మంచి జోరు మీద ఉంది, గది ఊయలలా ఊగుతోంది. పది సార్లు గుచ్చితే పది సార్లూ గంజి వచ్చింది. పదకొండోసారి ఎడమచేత్తో గుచ్చాను. అప్పుడూ వచ్చింది.

ఎస్తేరు సిస్టర్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆవిడ ఎక్కువ మాట్లాడదు.

"చెయ్యి బాగుంది" అంది. "నిన్న కూడా చెయ్యి బాగానే ఉందే. కళ్ళే బాగోలేవు. ఒడ్డువాళ్ళు మొదటిసారి మన ఊళ్ళో దిగినప్పుడు చూడు, గుడ్లు అలాగే తిరుగుతాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఊళ్ళో ఎవరినైనా దొంగ అనండి, అబద్ధాలకోరు అనండి, సర్దుకుపోతారు. కళ్ళు తిరుగుతున్నాయని అంటే మాత్రం అది తిట్టు. నీళ్ళ మీద పుట్టి, నీళ్ళ మీద నడక నేర్చినవాళ్ళకు కళ్ళు తిరగడమేంటి? ఒడ్డురక్తం ఉందేమోనని సంబంధాలు తప్పిపోయిన ఇళ్ళున్నాయి. "నీకే తిరుగుతున్నాయేమో చూసుకో" అని కసిరాను. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్ళి డాక్టరుగారి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

అయినా మనసు ఊరుకోలేదు. కీళ్ళు చూసే గంగరాజు బాబాయిని పిలిచి, ఆసుపత్రి పలక మరలు ఒక్క పది నిమిషాలు బిగించమన్నాను. బూర ఊదేదీ ఆయనే. ఎందుకని అడగకుండా బిగించాడు. గది బిర్రబిగిసింది. సొరకాయకు సూది పెట్టాను. తెర ఎడమకు జారింది. గుచ్చితే సూది బల్లలో దిగబడింది. మరలు వదలమన్నాను. గది ఊగింది, గుచ్చాను, గంజి. మళ్ళీ బిగించు, బల్ల. మళ్ళీ వదులు, గంజి.

బల్ల కింద కూర్చుని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. పుట్టినప్పటినుంచీ ఊగుతూనే ఉన్నదాన్ని ఉన్నట్టుండి ఆపేస్తే నా తల ఆగదు, అదొక్కటే ఊగుతుంది. డెబ్బై ఒక్క ఆగుళ్ళలోనూ ఇదే జరిగింది. ప్రోబ్ పట్టుకున్నప్పుడు మోకాలు గోడకు ఆనించి, చూపు డాక్టరుగారి చేతి మీద నిలిపి నెట్టుకొచ్చాను. ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. రేపు ఊరంతా నాకోసం సమాధికన్నా గట్టిగా ఆగబోతోంది. ఆగితే ఆయన చచ్చిపోతారు.

నాలుగో రోజు, శుక్రవారం

 ఈ రోజు రాసేది గజిబిజిగా ఉంటే క్షమించండి.

ఊరికి చెప్పకుండా పని కానిచ్చేద్దామని ముందు ప్రయత్నించాను. పొద్దున్న డాక్టరుగారు కాస్త తెలివిలోకి రాగానే, "ఆగుడు లేకుండా చేసేద్దాం సార్" అన్నాను.

"ఊరు ఊగుతాంటే సూదా? పేగులో గుచ్చి చంపుతావా నన్ను?"

"లేదు సార్, నాకు ఊగితేనే..."

"వద్దంటే వద్దు. ఆగుడు లేకుంటే గొట్టమూ లేదు" అని అటు తిరిగి పడుకున్నారు. బీపీ తొంభై. ఇంక వాదించే సమయం లేదు.

తాయారు పిన్ని దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ మోకులు కట్టిస్తోంది. "పిన్నీ, ఈసారి ఆగుడు వద్దు" అంటే, "నీకు భయమేసి పిచ్చిమాటలు వస్తున్నాయే. పో, చేతులు కడుక్కో" అంది. పంతొమ్మిదేళ్ళ ఆచారం. పైగా నిన్న నేరం ఒప్పుకున్న పదిహేడు మందీ ఈ రోజు రాళ్ళలా నిలబడి ప్రాయశ్చిత్తం చేసుకుందామని కాచుకుని ఉన్నారు.

తొమ్మిదికి ఇంకా పది నిమిషాలు. బూరగదికి వెళ్ళాను. గంగరాజు బాబాయి బూర తుడుస్తున్నాడు. పక్కనే మైకు. అందులో మాట్లాడితే నూరు పలకలకూ వినబడుతుంది, ఆసుపత్రిలో డాక్టరుగారి మంచం పక్కన ఉన్న స్పీకరుకు కూడా. మైకు మీట నొక్కాను. ముందు నవ్వే వచ్చింది. ఊరంతా నా కిచకిచ విన్నది.

"నేను నూకరత్నాన్ని, ఆసుపత్రి నుంచి. మొన్న ఎవరూ కదల్లేదు. నేను అబద్ధం చెప్పాను. మీరు ఆగితే నాకు కళ్ళు తిరుగుతాయి. తెర కనబడదు. ఎప్పుడూ అంతే. డాక్టరుగారు బతకాలంటే ఎవరూ ఆగకండి. నన్ను ఒడ్డురక్తమన్నా పర్లేదు, ఆగకండి."

చెప్పడం అయిపోయింది.   ఇక ఈ ఊళ్ళో తల ఎత్తుకు తిరగలేననుకున్నాను.

గంగరాజు బాబాయి బూర కింద పెట్టాడు. మీసం సవరించుకున్నాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"నాకూ అంతేనమ్మాయ్" అన్నాడు. "బూర ఊది, ఈ స్తంభాన్ని కావిలించుకుని కూర్చుంటాను. తలుపు ఎందుకు వేసుకుంటాననుకున్నావ్?"

నా వేలు ఇంకా మీట మీదే ఉందట. ఆ మాట ఊరంతా వినేసింది.

ముందు ఎక్కడో ఇరవయ్యో పలక వైపు నుంచి ఒక ఆడగొంతు "నాకూనండీ" అంది. ఆ తరవాత ఇంకొకటి. కిటికీ తీసి చూశాను. కొండబాబు పడవ కప్పు మీద నిలబడి, తుమ్ము అబద్ధమని, పడిపోబోయి కదిలానని అరుస్తున్నాడు. బాతులావిడ ఆగుడప్పుడల్లా నిమ్మకాయ కొరుకుతుందట. ఆవిడ మొగుడు ఆ నిమ్మకాయలు పచ్చడికని పంతొమ్మిదేళ్ళుగా నమ్ముతున్నాడు, ఆయన జేబులో ఉసిరికాయలు ఉంటాయి. పూజారిగారు దేవుడి పీఠం పట్టుకునేవారట, భక్తి అనుకున్నాం. పలక మీద నుంచి పలక మీదకు నవ్వు దూకుతూ వచ్చింది. పదకొండు వందల మంది, ఎవరికివాళ్ళు తమకొక్కరికే ఈ అవమానం ఉందనుకుని, పళ్ళు బిగించి నిలబడ్డారు. డెబ్బై ఒక్కసార్లు, నేను రాకముందు ఇంకెన్నిసార్లో.

తాయారు పిన్ని బూరగదిలోకి వచ్చింది. ఏమంటుందోనని నేను గోడకు అతుక్కున్నాను. ఆవిడ మైకు లాక్కుని, "నాకు వాంతి కూడా అవుతుంది" అని చెప్పి మైకు తిరిగిచ్చేసింది.

ఆసుపత్రికి వచ్చేసరికి ఓబులేసు గారు స్పీకరు వంక చూస్తున్నారు.

"నీకు గూడానా?"

"ప్రతిసారీ సార్."

"పంతొమ్మిదేండ్లు" అన్నారు.  చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అది జ్వరమో మరేదో నేను అడగలేదు. "సరే. గుచ్చు."

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఆగవద్దని చెప్పాను కదా, ఊరంతా నడవడం మొదలుపెట్టింది. డాక్టరుగారి కోసం నడుస్తున్నామన్న శ్రద్ధతో అందరూ ఒకే లెక్కన అడుగేస్తున్నారు. పలకలన్నీ ఒకేసారి అటూ ఇటూ లేస్తున్నాయి. సెలైన్ సీసా గడియారం లోలకంలా కొట్టుకుంటోంది, కత్తెర్లు పళ్ళెంలోంచి జారి కింద పడ్డాయి. సిస్టర్ కిటికీలోంచి అరిచింది: "మామూలుగా నడవండర్రా." అంతే, అందరూ నిలబడి ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. మామూలుగా ఎలా నడుస్తామో ఎవరికీ గుర్తు రావడంలేదు. ఒకాయన చేతులు ఊపాలా వద్దా అని పక్కాయన్ని అడుగుతున్నాడు.

తాయారు పిన్ని ఊరికే ఊరిపెద్ద కాలేదు. గబగబా చేపల బజారుకు వెళ్ళి, అక్కడి కాసులమ్మ గంప ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏవే కాసులూ, మొన్న నాకంటగట్టిన పండుగప్ప ఎన్నాళ్ళ కిందటిది?"

"ఎవరిని పట్టుకుని అంటన్నావు? నా చేప పాసిందన్నవాళ్ళు ఈ నూరుపలకల్లో పుట్టలేదు" అని కాసులమ్మ కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

తగువంటే మా ఊరికి పండగ. క్షణంలో జనం రెండు జట్లయ్యారు. వినబడనివాళ్ళు దగ్గరికి పరుగెత్తారు, చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పడానికి పరుగెత్తారు, కాసులమ్మ చెల్లెలు అరవయ్యో పలక నుంచి బయల్దేరింది. ఎవరికీ కాళ్ళు గుర్తు లేవు. పలక కింద నా పాత ఊగుడు తిరిగి వచ్చింది. ఫ్యాన్ జోరుగా తిరిగింది. కడుపులో ఏదో కుదురుకున్నట్టయింది. నాకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు.

తెర నిలబడింది. సూది దింపాను. కొన నువ్వుగింజలా మెరుస్తూ ఎముక పక్క నుంచి, పేగు పక్క నుంచి, రక్తనాళానికి ఎడంగా వెళ్ళింది.

"కొన కనపడతాందా?" డాక్టరుగారి గొంతు గాలిలా ఉంది.

"కనబడుతోంది సార్."

"అబద్ధం కాదు గదా?"

"కాదు సార్. ఇదిగో, గోడ దగ్గరుంది. తోస్తున్నాను."

టప్పున దిగింది. వేళ్ళకు తెలిసింది. సిరంజి లాగితే మామిడికాయ పప్పు రంగులో చిక్కగా చీము వచ్చింది. గదంతా కంపు.

"వాసన ఎట్లుంది?"

"దరిద్రంగా ఉంది సార్."

"బంగారు" అన్నారు ఆయన కళ్ళు మూసుకుని.

సూదిలోంచి తీగ పంపాను, సూది తీసేశాను, తీగ మీదుగా దారి వెడల్పు చేశాను, గొట్టం తోశాను. లోపలికి వెళ్ళాక తీగ తియ్యగానే గొట్టం కొస పందితోకలా చుట్టుకుని కూర్చుంది. దాన్ని తెర మీద చూసి సిస్టరూ నేనూ ఒకరినొకరం పట్టుకుని గెంతాం. గొట్టం చర్మానికి కుట్టి, సంచీ తగిలించాం. రెండు వందల పది మిల్లీలీటర్లు. నమూనా ఏ మందుకు లొంగుతుందో చూడటానికి పెట్టాం. బయట తగువు ఇంకా నడుస్తోంది. ఆపమని చెప్పడానికి వెళ్ళాను గానీ ఎవరూ వినలేదు.

ఐదో రోజు, శనివారం

జ్వరం నూరు. బీపీ నూట పది. సంచీలో తొంభై మిల్లీలీటర్లు. డాక్టరుగారు శనగల మాట ఎత్తలేదు, గంజి అడిగారు. తాయారు పిన్నీ కాసులమ్మా నిజంగానే మాట్లాడుకోవడంలేదు. చేప నిజంగానే పాతదట.

ఏడో రోజు, సోమవారం

పొద్దున్న సంచీలో ఏమీ లేదు. నేను సంతోషించాను. ఆయన సంతోషించలేదు. "నిన్న యాభై, ఈ పొద్దు సున్నా. చీము అట్ల మర్యాదగా పోదు మ్మా. గొట్టం మూసుకపోయింటాది." సెలైన్ పది మిల్లీలీటర్లు ఎక్కించి కడిగాను. గడ్డకట్టిన ముద్ద ఒకటి కదిలింది, వెనకాలే నలభై వచ్చింది. ఎనిమిది గంటలకోసారి కడగాలని గోడకు రాసి అంటించాను. ఎన్నో ఏళ్ళుగా నేనే అందరికీ చెప్పే మాట, నా రోగి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. నా రోగి. రాసి చూసుకుంటే గమ్మత్తుగా ఉంది.

పన్నెండో రోజు, శనివారం

సంచీలో మొన్న పది, నిన్న ఆరు, ఈ రోజు ఐదు. మూడు రోజులుగా జ్వరం లేదు. స్కాన్ చేశాను. మడుగు ఉన్న చోట చిన్న ముడత లాంటి మచ్చ మిగిలింది. గొట్టం దారం కోసి, తోక విప్పి, లాగేశాను. ఆయన "అబ్బా" అన్నారు. డెబ్బై ఒక్క మందికి నొప్పి ఉండదని ఆయన చెప్పిన మాట గుర్తుచేశాను. "తప్పే" అన్నారు.

పదమూడో రోజు, ఆదివారం

ఓడ వచ్చింది. దానితో వచ్చిన ఒడ్డు డాక్టరు ఆయన్ని పరీక్షించి, అపెండిక్స్ సంగతి ఆరు వారాల తరవాత చూసుకోవచ్చన్నాడు. అప్పుడు తానే వచ్చి చేస్తానన్నాడు.

సాయంత్రం ఓబులేసు గారు కర్ర పట్టుకుని మొదటి పలక మీద సభకు వచ్చారు. ఇంచుమించు ఊరంతా ఉంది. ఆయన మైకు తీసుకున్నారు.

"ఇన్నేండ్లు నా చెయ్యి వణక్కుండా మీరంతా కండ్లు తిరుగుతా నిలబడినారు. నాకు ఒక్కరు గూడా చెప్పలేదు. నేను అడగనూ లేదు, అది నా తప్పు. ఇంక ఆగుడు లేదు. ఇయ్యాల్టి నుంచి సూది నూకరత్నానిది. నేను ప్రోబ్ పట్టుకుంటా." అప్పుడు గోడ మీద రాసిన మాట చెరిపేయమన్నారు.

అందరూ నావైపు చూశారు. నేను యథాప్రకారం నవ్వాను. ఈసారి భయంతో కాదు.

తాయారు పిన్ని లేచింది. "సూది రత్నానిదే, బాగుంది. రత్నం కడుపులో చీము పడితే గుచ్చేదెవరండీ?"

ఓబులేసు గారు నా వంక చూశారు.

"మీరేగా" అంది పిన్ని. "మీకు ఊరు ఆగాలి. గోడ మీద మాట ఉండనివ్వండి. మీరు సూది పట్టిన రోజు బూర ఊదించండి, ఆగుతాం. ఇదివరకు మొండికేసి నిలబడి ఆగేవాళ్ళం, ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కాబట్టి హాయిగా కూర్చుని ఆగుతాం. అంతే తేడా."

"ఉసిరికాయలు కూడా పంచుకోవచ్చు" అన్నాడు గంగరాజు బాబాయి వెనక నుంచి.

డాక్టరుగారు మైకు పిన్నికిచ్చి, కర్ర మీదకు వాలిపోయారు.   కాసులమ్మ చేపలగంప బోర్లించి ఆయన వెనక పెట్టింది. నేనూ సిస్టరూ చెరో భుజం పట్టి దాని మీద కూర్చోబెట్టాం. ఆయన వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఊరంతా ఒక్కొక్కరుగా ఆయన చుట్టూ పలక మీద కూర్చుంది.